ఎయిర్ రేసులు డబ్బున్నవాళ్ల సర్కస్సేనా? రాజాం తమ్ముడికి జవాబు

ప్రశ్న ఇది: "రాజాంలో మెకానికల్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎయిర్ రేసులు, ఇంట్లో కట్టుకున్న విమానాలు, టెస్ట్ ఫ్లైట్ల వీడియోలు చూస్తూ రాత్రిళ్లు నిద్ర మానేస్తున్నాను. 'అదంతా డబ్బున్నవాళ్ల సర్కస్. ఊరికే ప్రాణాల మీదకి తెచ్చుకోవడం' అంటున్నారు నాన్న. నిజంగా అందులో నేర్చుకునేది ఉందా? ఇక్కడుండి నేనేం చేయగలను?"

తమ్ముడూ, మీ నాన్నగారి మాటలో సగం నిజం. ఇందులో ప్రాణాలు పోతాయి. అది దాచి జవాబు చెబితే నేను తప్పు చేసినవాణ్ణవుతాను. సర్కస్ అన్న మాటను మాత్రం ఒప్పుకోను. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు. మాది పొందూరు. వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా ఇరవై ఏళ్లు, ఆ తర్వాత ఒక ఫ్లయింగ్ క్లబ్బు హ్యాంగర్లో తొమ్మిదేళ్లు చేశాను. నేను పైలట్‌ని కాను. పైలట్ ఎక్కే ముందు విమానం చుట్టూ తిరిగి, చేత్తో తడిమి చూసి, లాగ్‌బుక్కులో సంతకం పెట్టేవాణ్ణి. అందుకే నా జవాబు నట్టూ బోల్టూ వైపు నుంచి వస్తుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి నేను మా బావగారి జీడిపప్పు షెడ్డులో ఉన్నాను. పైన రేకుల కప్పు. రేకులన్నీ ఒకేసారి పోలేదు. ముందు ఒక మూల రేకుకి ఒక స్క్రూ వదులైంది, సన్నగా టకటకమని చప్పుడు. కాసేపటికి అది పటపటగా మారింది. రేకు కొట్టుకున్నకొద్దీ స్క్రూ కన్నం సాగింది. కన్నం సాగినకొద్దీ రేకు ఇంకా గట్టిగా కొట్టుకుంది. చివరికి ఆ రేకు లేచిపోయింది, దాని వెనకే వరస మొత్తం పోయింది. చీకట్లో ఆ చప్పుడు వింటూ నాకు గుర్తొచ్చింది మా బావగారి నష్టం కాదు, ఏడేళ్ల కిందట అమెరికాలో జరిగిన ఒక రేసు ప్రమాదం.

2011 సెప్టెంబరు 16. నెవాడా రాష్ట్రంలో రీనో దగ్గర ఎయిర్ రేసులు జరుగుతున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటి పి-51 మస్టాంగ్‌ని రేసు కోసం మార్చిన విమానం ఒకటి, పేరు గాలపింగ్ ఘోస్ట్. నడుపుతున్నది జిమ్మీ లీవార్డ్, వయసు 74. వేగం గంటకు ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. తోకలో ముక్కుని పైకీ కిందకీ తిప్పే కదిలే పలక పేరు ఎలివేటర్. దాని వెనక అంచున ట్రిమ్ ట్యాబ్ అని చిన్న పలక ఉంటుంది. ఆ వేగంలో ముక్కు పైకి లేవకుండా పట్టి ఉంచేది అదే. దాన్ని పట్టి ఉంచిన స్క్రూలు వదులయ్యాయి. పలక కొట్టుకోవడం మొదలైంది, విరిగింది. విమానం ఒక్కసారిగా ముక్కు పైకెత్తింది. ఆ క్షణంలో పైలట్ ఒంటి మీద పడిన భారం అతని బరువుకి 17 రెట్లు. ఆ భారానికి స్పృహ నిలవదు. విమానం ప్రేక్షకుల ముందే నేలకి గుద్దుకుంది. పైలట్‌తో కలిపి 11 మంది పోయారు.

అమెరికా రవాణా భద్రతా బోర్డు విచారించి తేల్చిన కారణం వింటే నీకు ఆశ్చర్యం వేస్తుంది. లాక్‌నట్లు. ఆ నట్ల లోపల స్క్రూని బిగించి పట్టే ఇన్సర్ట్ అరిగిపోయింది. దానికి తోడు వేగం కోసం విమానానికి చేసిన మార్పుల్లో చాలావాటిని కాగితం మీద పెట్టలేదు, పరీక్షించలేదు. రెండో వైపు ట్రిమ్ ట్యాబ్‌ని కదలకుండా బిగించేయడంతో ఆ భారం కూడా దీని మీదే పడింది.

ఆ భాగం చదివినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. ఎందుకంటే ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో నేను అదే తప్పు చేయబోయాను. స్టోర్స్‌లో కొత్త నట్టు లేదు, సాయంత్రం అయిపోయింది, ఒక చిన్న ప్యానెల్‌కి పాత నైలాక్ నట్టునే (లోపల నైలాన్ రింగుండే లాక్‌నట్టు) మళ్లీ ఎక్కించాను. మా సీనియర్ వచ్చి, స్పానర్ తీసుకోకుండా రెండు వేళ్లతో ఆ నట్టుని తిప్పారు. తిరిగింది. ఆయన కేకలు వెయ్యలేదు. "వేళ్లతో తిరిగే నట్టు గాలికి తిరగదా?" అని అడిగారు. అంతే. మిగిలిన ఇరవై ఎనిమిదేళ్లూ ప్రతి లాక్‌నట్టునీ ముందు వేళ్లతో తిప్పి చూసి, తిరిగితే పక్కన పారేశాను.

ఇదంతా విన్నాక రేసులంటే భయం వేయాలి కదా అంటావు. నాకు మాత్రం టెస్ట్ ఫ్లయింగ్ అంటే ఏమిటో ఆ ప్రమాదం వల్లే సరిగ్గా అర్థమైంది. రేసు, ఇంట్లో కట్టిన విమానం, వాయుసేన ప్రొటోటైప్ (పరీక్షకి కట్టిన తొలి నమూనా), మూడూ ఒకే పని చేస్తాయి: ఇంతవరకు ఎవరూ చూడని చోటికి ఒక అడుగు వేస్తాయి. ఆ అడుగు ఎంత వేశారు, వేసే ముందు కింద నేల గట్టిగా ఉందో లేదో ఎలా చూసుకున్నారు అన్నదే నాకు కావాలి. ఇన్నేళ్లుగా నన్ను కట్టిపడేసింది అదే.

నీకు ఫ్లట్టర్ అన్న మాట క్లాసులో వచ్చే ఉంటుంది. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చూసే ఉంటావు. ఆ పొడవాటి చింతమాను చివర పూజారిగారు కూర్చుంటే, రథం కదిలినప్పుడల్లా మాను ఎలా ఊగుతుందో గుర్తు తెచ్చుకో. విమానం రెక్క కూడా ఒక వైపే ఆనుకున్న అలాంటి మానే. కాకపోతే రెక్క పైకీ కిందకీ ఊగడమే కాదు, నిలువునా మెలి కూడా తిరుగుతుంది. ఒకానొక వేగం దగ్గర ఆ ఊపుకీ ఈ మెలికకీ తాళం కలుస్తుంది. అప్పుడు గాలి ప్రతి ఊపులోనూ కొంచెం శక్తిని రెక్కలోకి పోస్తుంది. ఊపు పెరుగుతూనే పోతుంది. కొన్ని సెకన్లు చాలు, రెక్క ఊడిపోవడానికి. ఇదే ఫ్లట్టర్.

దీన్ని చాలామంది రెజొనెన్స్ అనేస్తారు. అది సరి కాదు. ఉయ్యాలని ఎవరో లయ తప్పకుండా తోస్తే రెజొనెన్స్. ఫ్లట్టర్‌కి తోసేవాడు అక్కర్లేదు, లయ లేని నిలకడ గాలి చాలు. తాటాకు గాలిలో పటపటలాడేది అందుకే. లయని ఆకే పుట్టించుకుంటుంది.

మరి దీన్ని గాల్లో ఎలా పరీక్షిస్తారు? ముందు నేల మీదే విమానాన్ని సన్నగా వణికించి, ఏ భాగం ఏ లయలో ఊగుతుందో రాసుకుంటారు. తర్వాత గాల్లో తక్కువ వేగం దగ్గర పైలట్ విమానం నడిపే కర్రని (స్టిక్‌ని) ఒక్క దెబ్బ కొడతాడు, లేదా రెక్కలో పెట్టిన పరికరం దాన్ని కుదుపుతుంది. రెక్కలో ఉన్న సెన్సర్లు ఆ వణుకు ఎంతసేపటికి చచ్చిపోయిందో కింద కూర్చున్న ఇంజినీర్లకి చూపిస్తాయి. నాలుగు ఊపుల్లో ఆగిందా, సరే, వేగం కొంచెం పెంచుదాం. ఈసారి ఆరు. ఇంకొంచెం. ఈసారి పది. ఇక్కడ ఆపుతారు, కిందకి దిగుతారు, గ్రాఫ్ గీస్తారు. ఆగడానికి పట్టే ఊపులు పెరుగుతున్నాయంటే గీత ఎటు పోతుందో తెలుస్తుంది. ప్రమాదాన్ని ముట్టుకోకుండానే అది ఎంత దూరంలో ఉందో కొలవడం. మనిషి బుర్రకి ఇంతకంటే అందమైన పని నేను చూడలేదు.

ఫిట్టర్ పని కూడా ఇందులోనే ఉంది. కదిలే పలకలకి కీలు ముందు సీసం బరువు ఎందుకు పెడతారో తెలుసా? పలక బరువు కీలు వెనక ఎక్కువైతే ఫ్లట్టర్ తొందరగా వస్తుంది. అందుకే ఐలెరాన్‌కి (రెక్క వెనక అంచున ఉండే కదిలే పలకకి) కొత్తగా రంగు వేసినా మళ్లీ తూకం చూడాలి. క్లబ్బులో మా దగ్గర పుష్పక్ ఉండేది, హెచ్ఏఎల్ 1958లో మొదటిసారి ఎగరేసిన చిన్న విమానం, రెక్కలకి బట్ట కప్పు. మా ఇంట్లో అమ్మమ్మ వాలుగ చేప దవడతో పత్తి చిక్కు తీసి, రాట్నం మీద సన్ననూలు వడికేది. ఆ చేతులు చూస్తూ పెరిగినవాణ్ణి కదా, రెక్క బట్టకి అతుకు వేసేటప్పుడు నూలు పోగు వంకర పోతే నా కన్ను ఒప్పుకునేది కాదు. అతుకు వేసి, బట్టని బిగించే డోప్ అనే లేపనం పూసి, ఆరాక పలకని తూకానికి పెట్టేవాళ్లం. కొన్ని గ్రాముల తేడా వచ్చినా సరిచేశాకే విమానానికి బిగించేవాళ్లం.

ఇక మనవాళ్ల సంగతి. ఇచ్ఛాపురం దాటితే వచ్చే బరంపురంలో పుట్టిన కోట హరినారాయణ గారు మన దేశంలోనే రూపొందించిన యుద్ధ విమానం తేజస్‌కి ప్రోగ్రామ్ డైరెక్టర్, చీఫ్ డిజైనర్. ఆ విమానం కావాలనే నిలకడ తక్కువగా ఉండేలా కట్టారు, చురుగ్గా తిరగడం కోసం. కంప్యూటర్లు క్షణక్షణం సరిదిద్దకపోతే మనిషి ఒక్కడే దాన్ని పట్టుకోలేడు. ఆ కంప్యూటర్లకి రాసిన నియమాల్లో ఒక్క తప్పున్నా మొదటి ఎగురుడులోనే అంతా అయిపోతుంది. అందుకే ముందు ఏళ్ల తరబడి సిమ్యులేటర్లలో నడిపారు, ఆ తర్వాత రన్‌వే మీద పరుగులు తీయించారు. 2001 జనవరి 4న బెంగళూరులో వింగ్ కమాండర్ రాజీవ్ కొఠియాల్ దాన్ని మొదటిసారి గాల్లోకి లేపారు. వెంట ఛేజ్ విమానాలు ఉన్నాయి, బయటినుంచి కన్నేసి ఉంచడానికి. ఆ రోజునుంచి 2024 మార్చి దాకా ఒక్క తేజస్ కూడా కూలలేదు. పరీక్షల్లో ఒక్క ప్రొటోటైప్‌నీ పోగొట్టుకోలేదు. 2020 జనవరి 11న నేవీ తేజస్ విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రమాదిత్య డెక్ మీద దిగింది. దానికి ముందు గోవాలో నేల మీద కట్టిన డెక్ నమూనా మీదే ఎన్నోసార్లు దిగి చూసుకున్నారు. అడుగు తర్వాత అడుగు.

అన్నీ ఇలాగే జరగవు. 2009 మార్చి 6న బెంగళూరు దగ్గర బిడది వద్ద మన దేశంలో రూపొందించిన చిన్న ప్రయాణికుల విమానం సరస్ ప్రొటోటైప్ కూలింది. ఒక ఇంజన్‌ని ఆపి గాల్లోనే మళ్లీ స్టార్ట్ చేసే పరీక్షలో ఉండగా జరిగింది. ముగ్గురు అధికారులు ప్రాణాలిచ్చారు. ఆ రోజు హ్యాంగర్లో ఎవరూ మాట్లాడలేదు. మీ నాన్నగారు భయపడుతున్నది ఇలాంటి రోజుకే. ఆ భయాన్ని గౌరవించు.

ఇప్పుడు రేసులు. నువ్వు చూసే వీడియోల్లో ఎక్కువగా పెద్ద ఇంజన్ల పాత యుద్ధ విమానాలు, మస్టాంగ్‌లు, బేర్‌క్యాట్‌లు ఉంటాయి. చప్పుడు బాగుంటుంది, నిజమే. నాకు మాత్రం ఫార్ములా వన్ ఇష్టం. కార్లది కాదు, విమానాలది. నియమాలు చిన్నవి: ఇంజన్ 200 ఘనపు అంగుళాల కాంటినెంటల్ ఓ-200, మామూలుగా 100 గుర్రాల శక్తి. రెక్క వైశాల్యం 66 చదరపు అడుగులకి తగ్గకూడదు, ఖాళీ బరువు 500 పౌండ్లకి తగ్గకూడదు, చక్రాలు లోపలికి ముడవకూడదు. దాదాపు ఐదు కిలోమీటర్ల చుట్టు, పైలాన్‌లనే గుర్తు స్తంభాల చుట్టూ తిరగాలి. ఎనిమిది విమానాలు రన్‌వే మీద నిలబడి ఒక్కసారే బయల్దేరతాయి.

మా పుష్పక్‌లో ఉన్నది 90 గుర్రాల కాంటినెంటల్. అంటే ఆ రేసు ఇంజన్‌కి సొంత అన్నదమ్ముడు. మా పుష్పక్ గంటకు 140 కిలోమీటర్లు అందుకోవడానికే ఆయాసపడేది. ఆ రేసు విమానాలు 400 దాటుతాయి! రేసులో ఇంజన్‌ని ఎక్కువ వేగంగా తిప్పి కాస్త ఎక్కువ శక్తి తీస్తారు, నిజమే. కానీ అసలు సంగతి అది కాదు. గాలి అడ్డుని గెలవడానికి కావలసిన శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. ఇంజన్ అదే అయినప్పుడు గాలి అడ్డుని తగ్గించడం ఒక్కటే దారి.

ఎక్కడ తగ్గిస్తారు? కంటికి కనపడని చోట్ల. ఇంజన్‌ని చల్లబరచడానికి లోపలికి వెళ్లే గాలి ఎంత, ఎటునుంచి బయటికి వస్తోంది? ఐలెరాన్ సందులోంచి గాలి కిందనుంచి పైకి జారుతోందా? చక్రం మీది తొడుగు నేలతో సమాంతరంగా ఉందా, గాలితో సమాంతరంగా ఉందా? కాక్‌పిట్ మూత అంచున కాగితం మందం గట్టు ఉందా? జాన్ షార్ప్ కట్టిన నెమెసిస్ అనే విమానం 1991 నుంచి 1999 దాకా రీనోలో వరసగా తొమ్మిదేళ్లు ఫార్ములా వన్ గోల్డ్ (పై తరగతి ఫైనల్) గెలిచింది. ఇంజన్ అందరిదీ అదే. తేడా అంతా గాలిని ఎంత మర్యాదగా దాటనిచ్చారన్న దాంట్లోనే. ఇది సర్కస్ ఎలా అవుతుంది, చెప్పు?

రేసులు లోకానికి ఏమిచ్చాయని నాన్నగారు అడిగితే ష్నైడర్ ట్రోఫీ కథ చెప్పు. నీటి మీద దిగే విమానాల పోటీ అది. 1931లో బ్రిటన్ గెలిచి ట్రోఫీని సొంతం చేసుకుంది. గెలిచిన సూపర్‌మెరీన్ ఎస్6బి రూపకర్త ఆర్.జె. మిచెల్. అదే నెలలో ఆ విమానం గంటకు 650 కిలోమీటర్లు దాటి రికార్డు పెట్టింది. అందులోని రోల్స్‌రాయిస్ ఆర్ ఇంజన్‌ని నిమిషాల కొద్దీ పూర్తి శక్తితో నడుపుతూ, విరిగిన భాగాన్ని మారుస్తూ, మళ్లీ నడుపుతూ ఆ కంపెనీ నేర్చుకున్నదంతా తర్వాతి ఇంజన్లలోకి వెళ్లింది. మిచెల్ గీసిన స్పిట్‌ఫైర్ 1936లో ఎగిరింది.

ఇంట్లో కట్టుకునే విమానాల గురించి రాయడం మొదలుపెడితే ఈ రాత్రి చాలదు. ఒక్కటి చెప్తాను. బర్ట్ రూటన్ గీసిన వాయేజర్. 1986 డిసెంబరులో ఆయన అన్న డిక్ రూటన్, జీనా యేగర్ ఇద్దరూ దాంట్లో ఎక్కడా దిగకుండా, ఇంధనం మళ్లీ నింపకుండా భూమిని చుట్టి వచ్చారు. తొమ్మిది రోజులు పట్టింది. రెక్కల నిండా ఇంధనం ఉండటంతో బయల్దేరేటప్పుడు రెక్కల చివర్లు వంగి రన్‌వేకి రాసుకుని అరిగిపోయాయి. నేల వదలడానికి దానికి 14,200 అడుగులు పట్టింది. అంటే నాలుగు కిలోమీటర్ల మూడు వందల మీటర్లు. మన భోగాపురంలో కట్టిన రన్‌వే పొడవు 3,800 మీటర్లు. ఆ వైపు బస్సులో వెళ్తే ఒకసారి కిటికీలోంచి చూడు. ఆ రన్‌వే మొత్తం అయిపోయాక కూడా ఇంకో అర కిలోమీటరు పరుగెత్తాలి వాయేజర్. దాని లోపల కూర్చున్న ఆ ఇద్దరి గుండెని ఊహించుకో.

మనదేశంలో ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టారు. దానికి 2017లో రిజిస్ట్రేషన్, 2019లో ఎగరడానికి అనుమతి వచ్చాయి. కట్టడం కన్నా కాగితాల కోసం తిరగడమే పెద్ద పనైంది. మన దగ్గర ఇంట్లో కట్టేవాళ్లకి దారి ఇంకా ఇరుకే. అది నాకు బాధ. అమెరికాలో సగానికి పైగా పని నువ్వే చేశావని చూపిస్తే చాలు, తర్వాత మామూలుగా 25 నుంచి 40 గంటలు ఒక నిర్ణీత ప్రాంతంలోనే ఎగిరి, విమానం గుణాలన్నీ పరీక్షించి రాసిపెట్టాలి. మామూలు మనిషి కూడా టెస్ట్ పైలట్ కావలసిన పద్ధతి అది. నాకెంతో నచ్చుతుంది.

ఇక రాజాంలో ఉండి నువ్వేం చేయగలవన్నది. ఫోమ్ షీటుతో ఒక మీటరు రెక్క ఉన్న గ్లైడర్ కట్టు, మోటారు వద్దు. గాలి లేని పొద్దున్న ఒకే ఎత్తునుంచి పది సార్లు వదిలి, ఎంత దూరం వెళ్లిందో ప్రతిసారీ టేపుతో కొలిచి రాయి. తర్వాత ముక్కు దగ్గర పెట్టిన రూపాయి బిళ్లని ఐదు మిల్లీమీటర్లు వెనక్కి జరుపు, మళ్లీ పది సార్లు. ఒకసారికి ఒక్కటే మార్చు. వెనక్కి జరిపేకొద్దీ ఒక చోట గ్లైడర్ ఎగరడం మానేసి గంతులు వేస్తుంది. ఆ చోటుని ముందే ఊహించి, పుస్తకంలో గీత గీసి, అక్కడికి రెండు అడుగుల ముందే ఆగగలిగితే నువ్వు నిజంగా ఫ్లైట్ టెస్ట్ చేసినట్టే.

రెండోది, మీ అమ్మగారి ఉన్ని దారం అడిగి తీసుకో. వేలెడు ముక్కలు కోసి రెక్క పైన వరసగా టేపుతో అంటించు, టేబుల్ ఫ్యాన్ ముందు పట్టుకుని ఫోన్‌లో వీడియో తియ్యి. కోణం పెంచేకొద్దీ వెనక అంచునుంచి దారాలు తిరగబడటం మొదలవుతుంది. గాలి రెక్కని వదిలేస్తున్న చోటు అది. పెద్ద విమానాలకి కూడా ఇదే దారం, ఇదే టేపు వాడతారు.

చదువు అయ్యాక దారులు చాలా ఉన్నాయి. వాయుసేన టెక్నికల్ బ్రాంచిలో చేరితే బెంగళూరులో వాయుసేన విమానాలు పరీక్షించే సంస్థ ఏఎస్‌టీఈలో ఫ్లైట్ టెస్ట్ ఇంజినీర్ కోర్సు దాకా వెళ్లే అవకాశం ఉంటుంది. విమానాలు రూపొందించే, కట్టే ప్రభుత్వ సంస్థలు ఏడీఏ, హెచ్ఏఎల్, ఎన్ఏఎల్ ఉన్నాయి. చేతిపని ఇష్టమైతే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే ఏఎంఈ (విమాన మరమ్మతు ఇంజినీరు) లైసెన్సు. ఏ దారికైనా నువ్వు రాసుకున్న ఆ నోట్‌బుక్ పనికొస్తుంది. పోగొట్టుకోకు.

ముందు ఒక పని చెయ్యి. ఒక ఆదివారం నాన్నగారిని విశాఖ బీచ్ రోడ్డుకి తీసుకెళ్లు. అక్కడ నేవీ వాడి దింపేసిన టీయూ-142 విమానాన్ని మ్యూజియంగా పెట్టారు. ఒకే ఇరుసు మీద ఎదురెదురుగా తిరిగే జంట ప్రొపెల్లర్లు చూసి అందరూ ఫోటోలు దిగుతారు, మీరూ దిగండి. తర్వాత తోక కిందకి వెళ్లి, చుక్కాని వెనక అంచున ట్రిమ్ ట్యాబ్ ఎక్కడుందో నాన్నగారికి చూపించు, రీనోలో ఏం జరిగిందో అక్కడే నిలబడి చెప్పు. ఆయన ఏమన్నారో నాకు రాయి.

గ్లైడర్ తయారయ్యాక ఎండాకాలంలో శ్రీకాకుళం వచ్చెయ్. నాగావళి ఇసుకలో పొద్దున్న ఆరింటికి గాలి ఇంకా లేవదు. నా దగ్గర వంద అడుగుల టేపు ఉంది. నువ్వు వదులు, నేను కొలుస్తాను.